మచ్చ నుంచి ముక్క దాకా



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన పేరు అచ్చులో వేయవద్దని కుటుంబ సభ్యులు కోరారు. పేరు మీద సభలు పెట్టడం ఆయనకు బతికున్నప్పుడూ గిట్టేది కాదు. మాకు ఛాతీ వైద్యం నేర్పిన సార్ అంటే చాలు, వినేవాళ్ళలో సగం మందికి ఎవరో తెలిసిపోతుంది. సర్కారు ఆసుపత్రి వార్డులో మాలో ఎవరైనా ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి "టీబీ సార్" అంటే, ఆయన ఫిల్మ్ వంక చూసేవారు కాదు. "నీకెవరు చెప్పారు?" అనేవారు. తెమడలోని క్రిమి చెప్పిందా, ముక్క పరీక్ష చెప్పిందా, లేక నీ అలవాటు చెప్పిందా అని ఆ ప్రశ్నకు అర్థం. ఊపిరి గొట్టాల్లోకి సన్నటి గొట్టం దించి చూసే బ్రాంకోస్కోపీ గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందే నా వాదన చెప్పేస్తాను. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న ఈ కొద్దిపాటి మేరలో ఊపిరితిత్తుల క్యాన్సర్ నిర్ధారణకు కొరత యంత్రాలది కాదు. సీటీ ఉంది, పెట్ స్కాన్ ఉంది, అల్ట్రాసౌండ్ బిగించిన బ్రాంకోస్కోపులు ఉన్నాయి. కొరతంతా కాలానిది. ఎక్స్‌రేలో మచ్చ కనపడిన రోజుకీ, ఆ మచ్చలోంచి ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టిన రోజుకీ మధ్య నెలలు గడిచిపోతున్నాయి. ఆ నెలలు ఎటు పోతున్నాయో చూద్దాం.

మన ప్రాంతంలో ఛాతీ వైద్యం క్షయ శానిటోరియాల్లో పుట్టింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915లో మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపారు. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల మీద మరొకటి. ఎర్రగడ్డలో నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న ఇర్రంనుమా ప్యాలెస్ కాలక్రమాన ఛాతీ ఆసుపత్రి అయింది. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, తర్వాత స్ట్రెప్టోమైసిన్. అక్కడ పని నేర్చినవాళ్ళ శిష్యులకు శిష్యులం మేం. ఛాతీలో మచ్చ అంటే క్షయ అన్నది మాకు వారసత్వంగా వచ్చిన ఆలోచన.

అది మూఢనమ్మకమేమీ కాదు, దాని వెనక లెక్క ఉంది. దేశంలో 2022లో సుమారు 28 లక్షల మందికి క్షయ వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఊపిరితిత్తుల క్యాన్సర్ కొత్త కేసులు 2022లో 80 వేలకు పైచిలుకు. అంటే ఒక క్యాన్సర్‌కి ముప్పై అయిదు క్షయలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గానీ, పట్నంలో ఎండీ గానీ మచ్చ చూడగానే టీబీ అన్నాడంటే పందెం తెలివిగానే కాశాడన్నమాట. చిక్కు ఎక్కడంటే, ఈ లెక్క ఊరందరికీ కలిపి చేసింది. ఎదురుగా కూర్చున్నది అరవై ఏళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళు బీడీ కాల్చాడు, తెమడ పరీక్షలో క్షయ క్రిమి దొరకలేదు, గొంతు బొంగురుపోయింది, వేళ్ళ కొసలు ఉబ్బాయి. ఇంకా ఆ ముప్పై అయిదుకి ఒకటి లెక్కే పట్టుకుని కూర్చుంటే ఎలా?

అయినా కూర్చుంటాం. "ఓ రెండు నెలలు టీబీ మందులు వాడి చూద్దాం" అంటాం. ఇందులో ఇంకో మాయ ఉంది, అది వైద్యుల్లో కూడా అందరికీ గుర్తుండదు. గడ్డ ఊపిరి గొట్టానికి అడ్డుపడితే దాని వెనకాల ఊపిరితిత్తిలో నెమ్ము చేరుతుంది, జ్వరం వస్తుంది. క్షయకిచ్చే రిఫాంపిసిన్ క్షయ క్రిమినే కాదు, మామూలు బాక్టీరియాలను కూడా చాలావాటిని చంపుతుంది. జ్వరం తగ్గుతుంది, రోగికి నాలుగు మెతుకులు సయిస్తాయి. మూత్రం ఎర్రగా వస్తోంది, మందు పని చేస్తోంది అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. మూత్రం ఎర్రబడటం ఆ మందు రంగు వల్ల, అంతే. రెండో నెల చివర ఎక్స్‌రే తీస్తే మచ్చ పెద్దదై కనపడుతుంది. అప్పుడు కూడా "మొండి టీబీ ఏమో" అనే అవకాశం ఒకటుంది చూశారూ, అది మరో మూడు నెలలు మింగుతుంది.

ఇక బ్రాంకోస్కోపు సంగతి.

1897 మన ఊరికి గుర్తుండే సంవత్సరం. ఆ ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అదే ఏడు జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్టావ్ కిలియన్ అనే గొంతు వైద్యుడు ఒక రైతు కుడి ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న పంది ఎముకను, తిన్నని లోహపు గొట్టం లోపలికి దించి, మత్తు కోసం కొకైన్ పూసి, బయటికి లాగాడు. బ్రాంకోస్కోపీ అలా మొదలైంది, లోపల ఇరుక్కున్నవి తీయడానికి. అమెరికాలో షెవాలియర్ జాక్సన్ ఆ విద్యను శాస్త్రంగా మలిచాడు. రోగులు మింగిన పిన్నులు, గుండీలు, నాణేలు రెండు వేలకు పైగా తీసి దాచాడు, అవి ఫిలడెల్ఫియాలోని మూటర్ మ్యూజియంలో సొరుగుల్లో ఉన్నాయి. మన దగ్గర సొరుగులు పెడితే వేరుశనగ పలుకులూ సీతాఫలం గింజలూ ఎక్కువ ఉంటాయి. ఎక్కువభాగం కుడివైపు గొట్టంలోనే దొరుకుతాయి, ఎందుకంటే అది ఎడమదాని కంటే వెడల్పు, నిట్టనిలువు.

లోహపు గొట్టం వంగదు. మెడ వెనక్కి వాల్చి పూర్తి మత్తిచ్చి దించాలి, పెద్ద గొట్టాలు దాటి పోలేదు. దాన్ని వంచినవాడు జపాన్ జాతీయ క్యాన్సర్ కేంద్రంలోని షిగెటో ఇకెడా. ఆయన యౌవనంలో క్షయ బారిన పడ్డ మనిషే. 1966లో కోపెన్‌హాగెన్ ఛాతీ వైద్య మహాసభలో, ఆరు మిల్లీమీటర్ల లోపు లావున, పదిహేను వేలకు పైగా గాజు పోగులు కూర్చిన మెత్తని బ్రాంకోస్కోపును చూపించాడు. ఆ గాజు పోగు గుండా బొమ్మను పంపవచ్చని 1954లో 'నేచర్' పత్రికలో చూపినవాళ్ళలో ఒకడు మన పంజాబీ, మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. లండన్‌లో హెరాల్డ్ హాప్‌కిన్స్ దగ్గర చేసిన పని అది. గాజు పోగులో వెలుగును నడిపించే ఆ విద్యే ఇప్పుడు మాదాపూర్ రోడ్ల కింద కేబుల్ అయి మీ జీతాలు పుట్టిస్తోంది. తమాషా ఏమిటంటే 1980లలో స్కోపు కొసనే చిన్న కెమెరా చిప్ వచ్చాక, బ్రాంకోస్కోపులో బొమ్మ మోసే పని గాజు పోగుకు తప్పిపోయింది. ఇప్పుడు మాకది చాలామట్టుకు దీపం మాత్రమే.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను, భయం సగం అందులోనే పోతుంది. గచ్చిబౌలిలో డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి గారి ఏఐజీ ఆసుపత్రి పుణ్యమా అని కడుపులో గొట్టం వేయించుకోవడం మనవాళ్ళకు అలవాటైంది. ఎండోస్కోపీ అంటే ఎవరూ జంకరు. ఊపిరితిత్తిలో గొట్టం అంటే మాత్రం "ఊపిరాడక పోతేనో?" అని చెయ్యి పట్టుకుంటారు. గొట్టం లావు అయిదారు మిల్లీమీటర్లు. పెద్దవాళ్ళ శ్వాసనాళం దానికి మూడింతలు. పక్కనుంచి గాలి పోతూనే ఉంటుంది.

ఆరు గంటలు పరగడుపుతో వస్తారు. గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్ళు వాడే క్లోపిడోగ్రెల్‌ను ముందే కొన్ని రోజులు ఆపాలి, అదీ గుండె డాక్టరు ఒప్పుకుంటేనే. ఆస్పిరిన్ ఒక్కటే వాడేవాళ్ళు చాలాసార్లు ఆపనక్కర్లేదు. గొంతులో లిగ్నోకెయిన్ స్ప్రే కొడతాం, చేదుగా ఉంటుంది, నాలుక మొద్దుబారుతుంది. ముక్కులో అదే మందు జెల్లీ. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, ముక్కు దగ్గర ఆక్సిజన్, చేతి సూదిలోంచి మిడజోలాం. మగతగా ఉంటారు గానీ పిలిస్తే పలుకుతారు.

స్కోపు ముక్కులోంచి దిగి స్వరపేటిక ముందు ఆగుతుంది. రెండు స్వరతంత్రులు తెల్లగా, ఊపిరి తీస్తే విడిపోతూ, మాట్లాడితే కలుస్తూ. "ఈ... అనండి" అంటాం. ఎడమది కదలకపోతే అక్కడే ఒక సమాచారం దొరికినట్టు: ఛాతీలో దాన్ని కదిలించే నరం మీద ఏదో ఒత్తుతోంది. తంత్రుల మీద ఇంకాస్త మందు చల్లితే ఒక్కసారి గట్టిగా దగ్గు వస్తుంది. అన్నిటికన్నా ఇబ్బందయిన క్షణం అదే, అది దాటితే కష్టం దాటినట్టే. తర్వాత శ్వాసనాళం, ముందువైపు మృదులాస్థి వలయాలు, వెనకవైపు చదునుగా కండ. కింద అది రెండుగా చీలే చోట ఒక పదునైన అంచు కనపడాలి. అంచు మొద్దుగా, వెడల్పుగా ఉంటే దాని కింద లింఫు గ్రంథులు ఉబ్బి పైకి నెడుతున్నాయని అనుమానం. సార్ నేర్పిన క్రమశిక్షణ ఇక్కడొకటుంది: జబ్బున్న వైపు వెంటనే పోకూడదు. ముందు బాగున్న ఊపిరితిత్తి మొత్తం చూసి రావాలి. గడ్డ దగ్గరికి పోయాక రక్తం వచ్చిందంటే ఇక రెండోవైపు చూడనే లేం.

గడ్డ కనపడింది అనుకుందాం. గరుకుగా, ఎర్రగా, మీద తెల్లని పొర కట్టి, గొట్టాన్ని సగం మూసేసి ఉంటుంది. స్కోపులోని సన్నటి దారి గుండా ఫోర్సెప్స్ వెళ్ళి నోరు తెరుస్తుంది, మూస్తుంది. బయటికొచ్చేది నువ్వు గింజంత ముక్క. ఒకటి చాలదు, కనీసం అయిదు తీయాలి, చచ్చిన పైపొర వచ్చి మోసం చేయకుండా. రక్తం చిమ్మితే చల్లని సెలైన్, కొద్దిగా అడ్రినలిన్. తర్వాత బ్రష్షుతో రాసి స్లయిడ్ల మీద పులమడం, సెలైన్‌తో కడిగి ఆ నీళ్ళు పట్టడం.

ఇప్పుడొక చిన్న విషయం, నా దృష్టిలో ఈ సాయంత్రం చెప్పేవాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది. తీసిన ముక్కలన్నీ ఫార్మలిన్ సీసాలో పడేస్తే క్యాన్సర్ పరీక్షకు సరిపోతాయి గానీ, ఫార్మలిన్ ఏ క్రిమినీ బతకనివ్వదు. తర్వాత టీబీ కల్చర్ చేద్దామన్నా కుదరదు. కాబట్టి ఒక ముక్కనూ, కడిగిన నీళ్ళనూ ఉత్త సెలైన్‌లో విడిగా పంపాలి. టీబీ క్రిమి జన్యువును పట్టే జీన్ ఎక్స్‌పర్ట్ ఫలితం అదే రోజు వస్తుంది, కల్చర్‌కు ఆరు వారాల దాకా పడుతుంది. టీబీయా క్యాన్సరా అన్న ప్రశ్నకు ఒకే విడతలో రెండు వైపుల నుంచీ జవాబు వెతికినట్టవుతుంది. రెండూ కలిసి ఉన్న రోగులూ ఉంటారు. సెలైన్ సీసా ఖరీదు ఎంతని? నర్సమ్మ పక్కన పెట్టుకుంటే ఉంటుంది, మర్చిపోతే లేదు.

అంతా ఇరవై నిమిషాలు, అరగంట. తిమ్మిరి వదిలేదాకా రెండు గంటలు నీళ్ళు కూడా తాగకూడదు, గొంతు మొద్దుబారి ఉంటే పొలమారుతుంది. ఒకటి రెండు రోజులు తెమడలో రక్తపు చారలు, సాయంత్రం కాస్త జ్వరం రావచ్చు. పెద్ద ప్రమాదాలు నూటికి ఒకటి కంటే తక్కువ.

గడ్డ పెద్ద గొట్టంలో కంటికి కనపడితే, ముక్కా బ్రష్షూ కడుగూ కలిపి నూటికి ఎనభై ఎనిమిది మందిలో జవాబు చెబుతాయని ప్రచురిత అధ్యయనాలను కలిపి చూసిన లెక్క. ఊపిరితిత్తి అంచున, స్కోపు కంటికి అందని చోట, రెండు సెంటీమీటర్ల లోపు మచ్చ అయితే మామూలు బ్రాంకోస్కోపీకి దొరికేది నూటికి ముప్పై నాలుగు. రెండు సెంటీమీటర్లు దాటితే అరవై మూడు. ఈ అంకెలు రోగికి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఏమవుతుందంటే, రిపోర్టులో "క్యాన్సర్ కణాలు కనపడలేదు" అని వస్తుంది, ఇంట్లో కొబ్బరికాయ కొడతారు. కనపడలేదు అంటే లేదు అని కాదు. అంచున ఉన్న చిన్న మచ్చకు ఆ రిపోర్టు వస్తే పని సగంలో ఆగిందని అర్థం. సీటీ చూస్తూ ఛాతీ గోడ బయటినుంచి సూది వేయడమో, మరొక దారో చూడాలి. సూదికి దాని చిక్కులు దానికున్నాయి, ఆరేడుగురిలో ఒకరికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది, వాళ్ళలో చాలామందికి ఏమీ చేయకుండానే తగ్గిపోతుంది.

అల్ట్రాసౌండ్ బ్రాంకోస్కోపు, మేం ఈబస్ అంటాం, ఈ ఇరవై ఏళ్ళలో వచ్చిన అసలైన మార్పు. గొట్టం గోడకు అవతల, గుండెకూ పెద్ద రక్తనాళాలకూ మధ్య ఉన్న లింఫు గ్రంథుల్లోకి కళ్ళతో చూస్తూ సూది దించవచ్చు. అంతకుముందు ఇందుకు మెడ కింద కోసి మీడియాస్టినోస్కోపీ చేసేవారు. ఈబస్‌తో జబ్బు ఏమిటన్నదీ, ఎంతవరకు పాకిందన్నదీ ఒకే దెబ్బకు తేలతాయి. అందుకే ఒక నియమం: ముక్క ఎక్కడినుంచి తీస్తే జబ్బు అత్యధిక దశ రుజువవుతుందో అక్కడి నుంచి తీయాలి. మెడ మీద బిళ్ళ కట్టి చేతికి తగులుతుంటే ఆ బిళ్ళలో సూది చాలు, బ్రాంకోస్కోపీయే అక్కర్లేదు. బ్రాంకోస్కోపీ చేసి పొట్టపోసుకునేవాడిని, నేనే చెబుతున్నాను కాబట్టి నమ్మండి.

అమెరికాలో 2018 నుంచి రోబో బ్రాంకోస్కోపులకు అనుమతి ఉంది. ఊపిరితిత్తి అంచులదాకా సన్నటి గొట్టాన్ని నడిపి అక్కడ కదలకుండా నిలబెడతాయి. మంచి యంత్రాలే. కానీ ఆరు నెలలు టీబీ మందులు మింగి వచ్చిన మనిషికి రోబో ఆ ఆరు నెలలు తిరిగి ఇవ్వదు.

తొందరపాటు రెండోవైపు కూడా ఉంది, అదీ చెప్పాలి. పెట్ స్కాన్‌లో వెలిగింది కాబట్టి క్యాన్సరే అని కుటుంబం, కొన్నిసార్లు వైద్యుడు కూడా, తీర్మానం చేసుకుంటారు. చక్కెర ఎక్కువ తాగే కణం ఏదైనా ఆ స్కాన్‌లో వెలుగుతుంది. క్యాన్సరూ వెలుగుతుంది, క్షయా వెలుగుతుంది, సార్కాయిడోసిస్ అనే వేరే జబ్బు కూడా. పై దేశాల పుస్తకాల్లో వెలుగు చూసి క్యాన్సర్ అనుకునేంత ధైర్యం మన దేశంలో పనికిరాదు. ముక్క లేకుండా కీమోథెరపీ మొదలెట్టడం, రుజువు లేకుండా టీబీ మందులు మొదలెట్టడం, రెండూ ఒక తాను గుడ్డలే.

ముక్కకు ఇప్పుడు ఇంకో పని పడింది. ఒకప్పుడు "క్యాన్సర్, ఫలానా రకం" అంటే సరిపోయేది. ఇప్పుడు ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే, ఆర్‌ఓఎస్-1 జన్యువుల్లో మార్పుందా, పీడీ-ఎల్1 ఎంత ఉంది అని అదే ముక్కను అడుగుతాం. బీడీ ముట్టని ఆడవాళ్ళలో, వంటింటి పొగ తప్ప వేరే పొగ ఎరగని తల్లుల్లో వచ్చే అడినోకార్సినోమా రకం క్యాన్సర్లలో ఈజీఎఫ్‌ఆర్ మార్పు తరచుగా దొరుకుతుంది. దొరికితే రోజుకో బిళ్ళ. 2009లో వెలువడిన ఆసియా దేశాల అధ్యయనం ఒకటి తేల్చిందేమిటంటే, మార్పున్నవాళ్ళకు జెఫిటినిబ్ బిళ్ళ కీమో కంటే మేలు, మార్పు లేనివాళ్ళకు అదే బిళ్ళ కీమో కంటే కీడు. "ఆడమనిషి, పొగ తాగదు, బిళ్ళ వేసి చూద్దాం" అనే వైద్యం అందుకే ప్రమాదం. ఈ బిళ్ళల చవక రకాలు మన హైదరాబాద్ కంపెనీ నాట్కో లాంటివి తయారు చేస్తున్నాయి. బిళ్ళ ఊళ్ళో దొరుకుతుంది, దాన్ని ఎవరికివ్వాలో చెప్పాల్సింది ముక్క. పిసరంత ముక్క తీసి, దాన్ని క్యాన్సర్ రకం తేల్చడానికే ఖర్చు పెట్టేసి, జన్యు పరీక్షకు మిగల్చకపోతే రోగి మళ్ళీ బల్ల ఎక్కాలి. "ఇంకొంచెం తీశారా?" అని అడిగే హక్కు మీకుంది.

"ముక్క తీస్తే పాకుతుందటగా?" ఈ మాట నిరక్షరాస్యులు అంటారనుకుంటే పొరపాటు, మైండ్‌స్పేస్‌లో టీమ్ లీడ్లు అంటారు. బ్రాంకోస్కోపీ ముక్క వల్ల జబ్బు పాకిందని భయపడాల్సిన పని లేదు. ముక్క తీసిన కొన్నాళ్ళకు జబ్బు ముదిరినవాళ్ళను చూసి పుట్టిన నమ్మకం ఇది. ముదిరింది జబ్బు కాబట్టి, అప్పటికే ఆలస్యం కాబట్టి.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన దృశ్యం ఇంకోటుంది. తండ్రి సూర్యాపేట నుంచో, నంద్యాల నుంచో వచ్చి కొండాపూర్‌లో కొడుకు ఫ్లాటులో ఉంటారు. కొడుకు ఇక్కడ, కూతురు డల్లాస్‌లో. కన్సల్టేషన్ గదిలో ఫోన్ స్పీకర్ ఆన్‌లో ఉంటుంది. కూతురు అడిగే ప్రశ్నలు చక్కగా ఉంటాయి, చదువుకుని వచ్చి అడుగుతుంది. చివర కొడుకు నన్ను వరండాలోకి పిలిచి, "డాక్టర్ గారూ, నాన్నకి మాత్రం చెప్పకండి, ఏదో కఫం కడుగుతున్నామని చెబుదాం" అంటాడు. ప్రేమే, కాదనను. కానీ అంగీకార పత్రం మీద సంతకం చేయాల్సింది నాన్నగారు. లోపలికెళ్ళి కుర్చీ జరుపుకుని కూర్చుని, "ఏమని అనుమానమో మీకు చెప్పమంటారా, అబ్బాయికి చెబితే చాలంటారా?" అని ఆయన్నే అడుగుతాను. "నాకే చెప్పు బాబూ, పొలం కాగితాలు చూసుకోవాలి" అంటారు చాలామంది. పిల్లలు అనుకునేంత పిరికివాళ్ళు కాదు వాళ్ళు.

కంపెనీల హెల్త్ చెకప్ ప్యాకేజీల గురించి ఒక్క మాట. దగ్గు లేని ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడికి ఛాతీ సీటీ అక్కర్లేదు, ట్యూమర్ మార్కర్ల రక్తపరీక్ష అసలే అక్కర్లేదు. తక్కువ మోతాదు సీటీతో ముందుగా పట్టుకుంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు నూటికి ఇరవై తగ్గాయని 2011లో అమెరికా అధ్యయనం చూపిన మాట నిజం, అది ఏళ్ళ తరబడి బాగా పొగ తాగిన పెద్ద వయసువాళ్ళ మీద జరిగింది. పాత క్షయ మచ్చలు నిండిన మన ఛాతీల్లో అందరికీ సీటీ తీస్తే, లేని జబ్బు కోసం ముక్కలు తీస్తూ కూర్చోవాలి. కానీ మూడు వారాలు దాటిన దగ్గు, తెమడలో రక్తం, కారణం లేకుండా తగ్గిన బరువు, ఒకేచోట మళ్ళీ మళ్ళీ పట్టే నెమ్ము, వీటికి చెకప్ కాదు, వైద్యుడు కావాలి.

ఇక నేను అసలు అడగాలనుకుని వచ్చింది. నెలలు పోయే దారుల్లో ఒకటి మన చేతిలోనే ఉంది, అది ఇన్సూరెన్స్. ఆరోగ్య బీమా పాలసీల ప్రామాణిక మినహాయింపుల్లో నాలుగోది ఏమంటుందంటే, ప్రధానంగా పరీక్షల కోసమే ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు చెల్లించరు. సాధారణ జ్వరానికి నాలుగు రోజులు మంచం పట్టించే ఆసుపత్రులను అదుపు చేయడానికి అది సబబే. బ్రాంకోస్కోపీకి వచ్చేసరికి అదే అడ్డుపుల్ల. క్యాన్సర్ అని తేలితే వైద్యానికి లక్షలు వస్తాయి, క్యాన్సరా కాదా తేల్చుకోవడానికి మాత్రం జేబులోంచి పెట్టుకోవాలి. తర్వాత అదే జబ్బుకు ఆసుపత్రిలో చేరితే, ముందరి ఖర్చు కింద కొన్ని పాలసీల్లో తిరిగి వస్తుంది, అదీ గడువు లోపల అయితే. కొడుకు గ్రూప్ పాలసీ మీద ఆధారపడ్డ తండ్రి, "పైసలు రావట కదా, ముందు టీబీ మందులు వాడి చూద్దాంలే" అంటాడు. టీబీ మందులు సర్కారు ఉచితంగా ఇస్తుంది. ముక్క పరీక్షకు డబ్బు కట్టాలి. పేదవాడి లెక్కే కాదు, మధ్యతరగతి లెక్క కూడా ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

గ్రూప్ పాలసీలో షరతులు కంపెనీ, బీమా సంస్థ కూర్చుని మాట్లాడుకుని రాసుకునేవి. ప్రసూతికి మినహాయింపు తీయించుకున్నారు, తల్లిదండ్రులను చేర్పించుకున్నారు, ఇదీ అలాగే సాధ్యం. ఈ హాల్లో హెచ్‌ఆర్ విభాగాల వాళ్ళు చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. ఈసారి మీ పాలసీ రెన్యూవల్‌కి వచ్చినప్పుడు ఒక్క వాక్యం అడిగి రాయించండి: స్కాన్‌లో క్యాన్సర్ అనుమానం ఉందని స్పెషలిస్టు రాసిస్తే, బ్రాంకోస్కోపీకీ బయాప్సీకీ అయ్యే ఖర్చు, ఫలితం ఏదొచ్చినా, డేకేర్ కింద చెల్లించాలి. "ఫలితం ఏదొచ్చినా" అన్న మాట మాత్రం వదిలిపెట్టకండి.